ఎన్ని పగిలినయి?

తెలియని నంబరు నుంచి ఫోను వస్తే నేను ముందు మాట్లాడను. ఎత్తి చెవికి పెట్టుకొని ఊరుకుంటాను. అవతలి మనిషి హలో హలో అని అరిచి, తానెవరో ఎందుకు చేశాడో చెప్పేదాకా నా నోరు పెగలదు. నాకు ఫోను చేయడమూ గోడతో మాట్లాడడమూ ఒకటేనని మా అమ్మాయి విసుక్కుంటుంది. విసుక్కోనీ. బ్యాంకు నుంచి అంటూ తియ్యగా మొదలుపెట్టేవాళ్లు నా మౌనానికే జడిసి పెట్టేస్తారు. నాతో పాటు రిటైరైన టీచర్లలో ఇద్దరు, ఫోనుకు వచ్చిన నంబరు ఎవడో అడగగానే చదివి వినిపించి, తర్వాత నెత్తీనోరూ కొట్టుకున్నారు. వాళ్లు నాకంటే తెలివైనవాళ్లే. నాకీ జాగ్రత్త పుట్టుకతో వచ్చింది కాదు. కోస్గి బస్టాండు దగ్గర గాజులమ్ముకునే ఒకామె దగ్గర నేర్చుకున్నాను. నేర్చుకున్నది కూడా నేను చేసిన తప్పు వల్లే.

ఆమె పేరు రాయను. ఎందుకు రాయనో పోనుపోను మీకే తెలుస్తుంది. ముస్లింల ఇళ్లవాళ్లు ఆమెను ఖాలా అనేవారు, అంటే పిన్ని. మిగతా వాళ్లం దానికి ఒక అమ్మను తగిలించి ఖాలమ్మ అన్నాం.

తొంభైల మొదట్లో నేను కోస్గి బడికి టీచరుగా వెళ్లాను. మాది హుజూర్‌నగర్, నాయిన మగ్గం నేసేవాడు. నల్గొండ జిల్లా ఆ కొసన పుట్టినదాన్ని పాలమూరు జిల్లా ఈ కొసకు వేశారని నాకు మహా కోపంగా ఉండేది. ఆదివారం వస్తే ఖాలమ్మ కొట్టుకు పోయి, మా ఇంటి పక్క బట్టల కొట్టుకు ఫోను చేసి, నాయినను పిలిపించుకొని, ఆ కోపమంతా ఆయన మీద వెళ్లగక్కేదాన్ని. ఆయన ఊ కొట్టేవాడు. అంతే మా మాటలు.

ఆమెది మొదట ఉత్త గాజుల కొట్టు. అల్లుడు అందులో ఒక మూలకు అద్దాల గది కట్టి ఎస్టీడీ ఫోను పెట్టించాడు. మూడు నెలలు కూర్చున్నాడో లేదో, విసుగొచ్చి అత్త మీద పారేసి సౌదీ వెళ్లిపోయాడు. ఆమెకు తెలుగు అక్షరాలు రావు. అంకెలు మాత్రం వచ్చు, గాజుల సైజులతో వచ్చిన అంకెలు. అడుగుపెట్టిన ఆడమనిషిని ముఖం చూసి కాదు, మణికట్టు పట్టుకొని గుర్తుపట్టేది. "రెండుంబావు. తిర్మలాపూరు నుంచి కదా?" అనేది. నన్ను మొదటిసారి చూసినప్పుడు కూడా ముందు చెయ్యే పట్టుకుంది. ఇంత సన్న చెయ్యితో పోరగాండ్లను ఎట్ల కొడతవని అడిగింది. నాకు ఒళ్లు మండింది. కొట్టనని చెప్పాను. అది అబద్ధం.

ఒక్కచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. గాజుల పెట్టె సర్దుతూ సర్దుతూ లేచి అద్దాల తలుపు తీసేది, మళ్లీ వేసేది. ఒక్కొక్కరు మాట్లాడి బయటికి రాగానే ఫోనును కొంగుతో తుడిచేది. ఎందుకని అడిగితే, ఒకరి దుఃఖం ఇంకొకరికి అంటొద్దనేది. ఇక గొంతంటారా, మైకు అక్కర్లేదు. ఫోను మోగితే "హలో బొంబాయి!" అని ఆమె వేసే కేకకు తాండూరు బస్సు కోసం నిలబడ్డవాళ్లు కూడా ఇటు తిరిగేవారు. అవతలివాడు ఎవరి పేరు చెప్తే ఆ పేరు, ఊరు, మొగని పేరు, అన్నీ బజారు మొత్తానికి వినిపించేవి.

ఆదివారాలు ఆ కొట్టు జాతరలా ఉండేది. దసరా కాగానే చుట్టుపక్కల పల్లెల మగవాళ్లు బొంబాయికి, పూనాకు పోయేవారు, బిల్డింగుల పనికి. ఆదివారం వాళ్లకు సెలవు. అక్కడి ఫోను బూత్‌ల నుంచి ఈ నంబరుకు చేసేవారు. ఇక్కడ భార్యలు పొద్దుటి నుంచే వచ్చి కొట్టు ముందు కూర్చునేవారు. చిక్కల్లా ఎక్కడంటే, మొగని పేరు ఒక్కరూ చెప్పరు. మీ ఆయన పేరేందమ్మా అంటే కొంగు నోట్లో పెట్టుకుంటారు. "మా పెద్దోని బాపు" అంటారు. పెద్దోడెవడు? "గా ఎర్రగుంటడు, గాడు." ఖాలమ్మ తల కొట్టుకునేది. ఒకనాడు ఒకామె రెండు నిమిషాలు మేకల సంగతి, అత్త దగ్గు సంగతి చెప్పుకున్నాక తేలింది, అవతల ఉన్నది వేరొకామె మొగుడని. అందరూ పడీ పడీ నవ్వారు. ఆమె మాత్రం నెలరోజులు ఆ బజారుకు రాలేదు.

నాకు గందరగోళమంటే పడదు. బడిలోనూ అంతే, అన్నిటికీ చార్టు ఉండాలి నాకు. ఒక శనివారం కూర్చొని పెద్ద డ్రాయింగు షీటు మీద గళ్లు గీశాను. ఆడమనిషి పేరు, ఊరు, మొగుని పేరు, ఎక్కడ పని, పిల్లల పేర్లు, ఫోను ఎన్ని గంటలకు. ఆ మొగుళ్ల పేర్లు రాబట్టడానికి పక్కింటి వాళ్లను, పిల్లలను అడిగి అడిగి నా తల ప్రాణం తోకకు వచ్చింది. అంచుల చుట్టూ స్కెచ్చి పెన్నులతో పూలు కూడా వేశాను. మైదా ఉడికించి ఆ అద్దాల గదికి బయటివైపు అంటించాను. ఇక పేరు పలకాల్సిన పని లేదు, వచ్చి వేలు పెట్టి చూపిస్తే చాలు.

ఖాలమ్మ ఆ పూల మీద చెయ్యి రాసి మురిసిపోయింది. నా అక్షరాలు గాజుల్లా గుండ్రంగా ఉన్నాయంది. తర్వాత అడిగింది.

"అందరు సూస్తరు గద బేటా?"

"చూడడానికే కదా ఖాలమ్మా" అన్నాను.

ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తే నేను కూర్చున్నచోట కూర్చోలేను. లేచి ఏదో ఒక పని కల్పించుకుంటాను.

నెల గడిచింది. చార్టు వల్ల అంతా సవ్యంగా నడుస్తోందని నేను తెగ సంబరపడుతున్నాను. ఒక బుధవారం, వారం మధ్యలో, బొంబాయి నుంచి ఫోను. ఫలానా ఊరి బాలమణిని పిలిపించమని, నాలుగు గంటలకు మళ్లీ చేస్తానని చంద్రయ్య అనే మనిషి చెప్పాడు. ఖాలమ్మ బస్సు కండక్టరుతో కబురు పంపింది. బాలమణి ఉరుకుల పరుగుల మీద వచ్చింది. లైనంతా గరగర. వినిపించింది వినిపించినట్టు అర్థం చేసుకుంది. పెనిమిటి పరంజా మీది నుంచి పడ్డాడు, కాలు విరిగింది, దవాఖానాలో ఉన్నాడు. వండిపెట్టే దిక్కు లేదు. తన రూములో ఉండే దోస్తు రేపు కోస్గికి వస్తున్నాడు, బిడ్డ సుజాతను అతని వెంట పంపించు. నువ్వు రావద్దు, అవ్వను, మేకలను చూసుకో.

సుజాత నా దగ్గర ఏడో తరగతి చదివే పిల్ల. పన్నెండేళ్లుంటాయి.

మర్నాడు పొద్దున బడికి పోతూ నేను ఖాలమ్మ కొట్టు దగ్గర ఆగాను. చార్టులో రెండు కొత్త పేర్లు చేర్చాలని స్కెచ్చి పెన్నులు తెచ్చుకున్నాను. బాలమణి అక్కడే కూర్చొని ఉంది. బిడ్డ బస్సులో సీటు పట్టుకొని కూర్చుందని, ఆ దోస్తు కూడా వచ్చాడని, పిల్ల చేతులు బోడిగా ఉన్నాయి, బస్సు కదిలేలోగా ఒక డజను గాజులు తీసుకుపోయి కిటికీలోంచి ఇస్తానని చెప్పింది. కండ్లు ఏడ్చి ఏడ్చి వాచి ఉన్నాయి. నేనేం చేశానో తెలుసా? బడికి సెలవుచీటీ నేను రాసుకుంటాలే, భయపడకు అన్నాను. ఒక్క అనుమానం రాలేదు నాకు. చదువుకున్నదాన్ని.

ఖాలమ్మ గాజులు ఏరుతోంది. బాలమణి అంత ఏడుపులోనూ ఒక్కసారి సన్నగా నవ్వింది.

"బొంబాయి వోయినంక మస్తు మారిండు ఖాలమ్మా. నిన్న నన్ను పేరు వెట్టి పిలిచిండు."

"ఏమని?"

"బాలమణీ అని. పెండ్లయి పదిహేనేండ్లాయె, ఒక్కపారి గూడ పిలువలె."

ఆమె సిగ్గుపడింది. కాలు విరిగిన మనిషి, కష్టంలో ఉన్న మనిషి, మొదటిసారి తన పేరు పలికాడని లోపల ఎంత పొంగిపోయిందో ఆ ముఖంలో కనిపించింది. ఆ ముఖాన్ని నేను మరిచిపోలేదు.

ఖాలమ్మ చేతిలోని గాజు విరిగింది. ఆమె చేతిలో గాజు విరగడం నేనెప్పుడూ చూడలేదు. లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా బస్టాండులోకి నడిచింది. ఎందుకో తెలియకుండానే నేనూ వెనకే పోయాను.

బస్సులో సుజాత కిటికీ పక్కన కూర్చొని ఉంది, ఒళ్లో చేతిసంచి. పక్కన ముప్పై ఏళ్ల మనిషి, ఇస్త్రీ చొక్కా, మర్యాదగానే ఉన్నాడు. ఖాలమ్మ అతని ముందు కమ్మీ పట్టుకొని నిలబడింది. అరవలేదు. కుశలం అడుగుతున్నట్టే అడిగింది. నువ్వు చంద్రయ్య దోస్తువా అంటే అవునన్నాడు. ఒక్క రూమేనా అంటే ఒక్క రూమే అన్నాడు.

"ఇంటిదాన్ని యాది జేస్తడా?"

"రోజు జేస్తడు."

"ఏమనుకుంట యాది జేస్తడు?"

"బాలమణి, బాలమణి అనుకుంట."

బస్సులో గంపలు పెట్టుకొని కూర్చున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే ఇటు తిరిగారు. వెనక సీటులో ఒక ముసలమ్మ కిసుక్కున నవ్వింది. ఆ ఊళ్లల్లో ఏ మగవాడు పెళ్లాన్ని పేరు పెట్టి పిలుస్తాడు? అందులోనూ పరాయివాడి ముందర? సుజాత అవ్వ అంటాడు, అంటే సుజాత తల్లి అని, లేకుంటే ఇంట్లోది అంటాడు. ఆ మనిషికి ఏదో తప్పిందని తెలిసింది, ఏం తప్పిందో తెలియలేదు. అటూ ఇటూ చూశాడు. అప్పుడు ఖాలమ్మ గొంతు విప్పింది. ఆ కేకకు డ్రైవరు ఇంజను ఆపేశాడు. వాడు ముందు సీట్ల వాళ్లను తోసుకొని దిగి, కూరగాయల సందులో పడి పరుగెత్తాడు. నలుగురు వెంటపడ్డారు గానీ దొరకలేదు.

ఎప్పటికీ దొరకలేదు. పోలీసులు వచ్చి ఏదో రాసుకొని వెళ్లారు. వాడు పిల్లను ఎక్కడికి తీసుకుపోవాలనుకున్నాడో మాకెవరికీ తెలియదు, ఆ సంగతి మాట్లాడుకోవడానికి కూడా మాకు ధైర్యం చాల్లేదు. ఆదివారం నాడు అసలు చంద్రయ్య ఫోను చేశాడు. కాలు విరిగిందట కదా అని బాలమణి ఏడిస్తే, ఎవరికి, నాకా అని ఆయన ఆశ్చర్యపోయాడు.

మరి వాడికి ఇవన్నీ ఎట్లా తెలిశాయి? దానికి జవాబు ఎదురుగా ఉన్న చాయ్ హోటలు ఆయన చెప్పాడు. అంతకు ముందు వారం ఆ మనిషి ఆ అద్దం ముందు చాలాసేపు నిలబడి, చార్టు చదువుతూ సిగరెట్టు డబ్బా మీద ఏదో రాసుకున్నాడట. మంచిగ రాసిండ్రు అని మెచ్చుకున్నాడు కూడానట.

నేను రెండు రోజులు బడికి పోలేదు. మూడోనాడు కొట్టుకు పోయాను. ఆమె నన్ను తిడుతుందని, తిడితే బాగుండునని పోయాను. ఆమె నీళ్లు చల్లి, గాజులు కోసే ఆకురాయితో చార్టును గీకుతోంది. నా మైదా గట్టిగా అంటుకుంది, ఊడిరావడం లేదు. నేనూ గోళ్లతో గీకాను. చివరికి పేర్లన్నీ పోయాయి గానీ అంచుల్లోని పూలు కొన్ని అద్దానికి అట్లాగే మిగిలిపోయాయి. నేను కోస్గిలో ఉన్నన్నాళ్లూ వాటిని చూస్తూనే ఉన్నాను.

"నన్ను తిట్టు ఖాలమ్మా" అన్నాను.

"నువ్వు ఒక్కపారి రాసినవ్ బేటా. నేను రోజు ఒర్రిన."

అంతే అంది. ఆ తర్వాత ఆమె గొంతు ఎవరూ వినలేదు. హలో బొంబాయి లేదు. ఫోను మోగితే ఎత్తి, విని, లేచి పోయి, కూర్చున్నవాళ్లలో ఎవరికి ఫోనో వాళ్ల చెవి దగ్గర వంగి చెప్పేది. గొంతు పోయిందేమో, దవాఖానాకు పోరాదా అని ఊళ్లో అన్నారు. బస్టాండుకంతా వినిపించిన మనిషి పక్కనున్నవాళ్లకు కూడా వినిపించకుండా మాట్లాడుతుంటే నేను అటు చూడలేకపోయేదాన్ని.

కానీ చెవిలో చెప్పినంత మాత్రాన ఏమవుతుంది? అవతలివాడు సొంత మొగుడే అని ఎట్లా తెలుస్తుంది? "వైరుకు మొఖముంటదా?" అని ఆమె పదే పదే అనేది. కూర్చోలేక లేచేది, తలుపు తీసేది, వేసేది. ఇద్దరికే తెలిసినది, మూడోవాళ్లు అడగనిది, పొరపాటున కూడా నోటి నుంచి జారనిది ఏముంటదని నన్ను అడిగేది. నేను చదువుకున్న బుర్రతో పుట్టినరోజు అన్నాను. అది వాళ్లకే తెలియదంది. బిడ్డ పేరు అన్నాను. నా వైపు చూసింది.

దారి ఆమెకే దొరికింది. మళ్లీ దసరా వెళ్లాక, మగవాళ్లు బొంబాయి బస్సులెక్కే ముందు, మొగుడూ పెళ్లాలను జంటగా కొట్టుకు రమ్మంది. ముందు తడక అడ్డం పెట్టింది. మొగుడు చూస్తుండగా పెళ్లానికి గాజులు తొడిగేది. తొడుగుతూ తొడుగుతూ ఒకటో రెండో మూడో కావాలని నొక్కి విరిచేది. గాజు ఎక్కించేటప్పుడు విరిగితే ఆడవాళ్లు దాన్ని పైకి చెప్పుకోరు. అపశకునం. తల్లికి కూడా చెప్పరు. మొగుడు దూరదేశం పోయే నాడైతే మరీను. ఎన్ని విరిగాయో, ఏ రంగువో, ఆ ఇద్దరికీ ఖాలమ్మకూ తప్ప లోకంలో ఎవరికీ తెలిసే వీల్లేదు. ఆదివారం ఫోను రాగానే భార్య అడగాల్సింది ఒక్కటే, ఎన్ని పగిలినయి అని.

మొదట వచ్చిన జంట భయపడి లేచిపోబోయింది. ఆ పిల్ల చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. ఖాలమ్మ ఆ చెయ్యి వదల్లేదు.

"పగులగొట్టింది నేను. దోషముంటె నాకు తాకని. నాకింక పోయేటోడు లేడు."

ఆమె భర్త పోయి అప్పటికి ఇరవై ఏళ్లు. ఆ మాట ఆమె ప్రతి జంటకూ చెప్పింది. ఎన్ని ఇళ్ల కీడు తన నెత్తిన వేసుకుందో నాకు తెలియదు. విరిగిన ముక్కలను వెంటనే గుడ్డలో మూటగట్టి వాగులో పారేయించేది, రంగు కూడా ఎవరి కంటా పడకుండా.

ఒకసారి ఒకాయన లెక్క మరిచిపోయాడు. నిజంగా మొగుడే, గొంతు కూడా ఆయనదే. రెండన్నాడు, మూడన్నాడు, నీ అవ్వ అన్నాడు. భార్య ఖాలమ్మ ముఖం చూసింది. ఖాలమ్మ తల అడ్డంగా ఊపింది. ఆమె ఫోను పెట్టేసింది. అవతల బొంబాయిలో ఆయన ఎన్ని తిట్లు తిట్టుకున్నాడో గానీ, మరుసటి ఆదివారం పొద్దున్నే చేసి, హలో అనకుండానే, మా అందరికీ వినబడేంత గట్టిగా, రెండు పచ్చయి, ఒకటి ఎర్రది అన్నాడు. కొట్టు ముందు కూర్చున్న మేమంతా చప్పట్లు కొట్టబోయి, బయటికి తెలుస్తుందని ఆపుకున్నాం. వాళ్లిద్దరి లెక్క ఆమె మళ్లీ మార్చేసింది. అందుకే దాన్ని ఇప్పుడు రాయగలుగుతున్నాను.

నాలుగేళ్ల తర్వాత నాకు హుజూర్‌నగర్‌కు బదిలీ అయింది. అన్నాళ్లూ ఆ బదిలీ కోసం ఏడ్చినదాన్ని, ఆర్డరు చేతికి వచ్చాక ఖాలమ్మ కొట్టు ముందు ఏడ్చాను. ఆమె నన్ను తడక వెనక్కి తీసుకుపోయి చెయ్యి పట్టుకుంది. నాలుగేళ్లలో చెయ్యి లావెక్కిందని వెక్కిరించింది. గాజులు తొడిగింది. కొన్ని విరిచింది. నాకు మొగుడు లేడు కదా, ఎవరి కోసమని అడిగాను.

"మన ఇద్దర్ది. నేనున్నంత కాలం ఇంకోలకు చెప్ప. నువ్వు గూడ చెప్పకు."

అప్పుడప్పుడు ఫోను చేసేది. నా గొంతు ఎంత తెలిసినా, ముందు లెక్క చెప్పేదాకా కబురు మొదలుపెట్టనిచ్చేది కాదు. నాకు పెళ్లయింది, పిల్ల పుట్టింది, ఫోనులు జేబుల్లోకి వచ్చాయి, ఆ అద్దాల గది ఎప్పుడో తీసేశారట. ఆమె మాత్రం అదే ప్రశ్న. నేను విసుక్కునేదాన్ని. ఖాలమ్మా, తెర మీద నీ పేరు కనిపిస్తోందని చెప్పేదాన్ని. పేరు ఎవరైనా రాస్తారు బేటా అనేది. నేను లెక్క చెప్పేదాన్ని.

పోయిన శుక్రవారం మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. అలవాటు ప్రకారం ఎత్తి ఊరుకున్నాను. అవతల ఆడమనిషి ఊపిరి వినిపించింది. హలో అనలేదు. తానెవరో చెప్పలేదు. నెమ్మదిగా ఒక లెక్క చెప్పింది. ఇన్ని, ఈ రంగువి. ఎన్నో, ఏ రంగువో ఇక్కడ రాయను.

ఆ గొంతు ఖాలమ్మది కాదు.

"టీచరమ్మా, నేను సుజాతను" అంది.

"ఎప్పుడు పోయింది బిడ్డా?" అన్నాను.